కోతలూ ఓట్లూ: సోలాపూర్ ద్రాక్షతోటలో ఎన్నికల వారం

గురువారం, 2017 ఫిబ్రవరి 16

హైదరాబాద్‌లో పొద్దున్నే బస్సెక్కితే సోలాపూర్ దాకా ఒకటే రోడ్డు, 65వ నంబరు జాతీయ రహదారి. జహీరాబాద్ దాటాక కాసేపు కర్ణాటక, హుమ్నాబాద్ వెళ్లిపోయాక ఇంకాసేపటికి మహారాష్ట్ర. ఉమర్గాలో ఎక్కినవాళ్ల వేళ్ల మీద సిరా గుర్తులు కనిపించాయి. ఉస్మానాబాద్ జిల్లాలో ఈరోజే జిల్లా పరిషత్ పోలింగు. సోలాపూర్ జిల్లాది రెండో విడత, వచ్చే మంగళవారం. పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన నాకు వేలు చూపించి, అప్పు తీర్చేసినవాడిలా హాయిగా వెనక్కి వాలి నిద్రపోయాడు. నల్‌దుర్గ్ కోటను కిటికీలోంచే చూశాను. ఈసారి కోటల కోసం రాలేదు.

మా బావ జిల్లా పరిషత్‌కు పోటీ చేస్తున్నాడు. పార్టీ లేదు, ఇండిపెండెంటు. నాన్నజ్ దాటాక బార్శీ రోడ్డుకు లోపలగా ఆయనకు ద్రాక్షతోట ఉంది. ఈ వార్త సిరిసిల్లలో మా ఇంటికి చేరగానే అమ్మ అడిగిన మొదటి మాట, "కోతలప్పుడా?" అని. పార్టీ ఏది, ఖర్చెంత, గెలుస్తాడా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

రాత్రి పూర్వభాగ్‌లో బావ వాళ్ల చిన్నాన్న ఇంట్లో ఆగాను. సోలాపూర్ తూర్పువైపు పేటలన్నిటికీ కలిపి పూర్వభాగ్ అని పేరు. అశోక్ చౌక్ నుంచి లోపలికి నడిస్తే సిరిసిల్లలో ఉన్నట్టే ఉంటుంది. అవే సాంచెల (మరమగ్గాల) చప్పుళ్లు, దుకాణాల బోర్డుల మీద అవే ఇంటిపేర్లు. బట్టల మిల్లుల కాలంలో కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన పద్మశాలీల మనవలూ మునిమనవలూ వీళ్లు. సోలాపూర్ దుప్పటికీ టవల్‌కీ ఆ పేరు తెచ్చిన చేతుల్లో వీళ్లవి చాలా ఉన్నాయి. బావ వాళ్ల నాన్న సాంచెలు బాగా నడిచిన రోజుల్లో మిగిలిన డబ్బుతో ఊరి బయట భూమి కొన్నాడు. తరువాత సాంచెలు పోయాయి, భూమి మిగిలింది.

చిన్నాన్న గారికి బావ నిలబడటం ఇష్టం లేదు. తెలుగువాడు ఎన్నికల్లోకి దిగడం ఇక్కడ వింతేమీ కాదు. గంగాధర్ కూచన్ 1980లోనూ 84లోనూ సోలాపూర్ నుంచి లోక్‌సభకు వెళ్లాడు. 1996లో లింగరాజ్ వల్యాల్ వెళ్లాడు. ఎర్రజెండా పట్టుకున్న నరసయ్య ఆడం మూడుసార్లు ఎమ్మెల్యే అయ్యాడు. ఈ పేర్లన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి ఆయన అన్నాడు, "వాళ్లకు సాంచెల ఓటు ఉండె. బీడీలు చుట్టే ఆడోళ్ల ఓటు ఉండె. మీ బావకేముంది? ద్రాక్షకు ఓటుంటదా?"

అది ఎగతాళి అనుకున్నాను. ఎన్నికలయ్యేదాకా నన్ను వదలని ప్రశ్న అదే అయింది.

శుక్రవారం

పొద్దున సిటీ బస్సు, ఆ తర్వాత పాల టెంపో. సోలాపూర్ నుంచి నాన్నజ్ వెళ్లే దారంతా మిట్టనేల, జొన్న, అక్కడక్కడ గడ్డి మైదానాలు. ఈ మైదానాలు బట్టమేక పక్షుల అభయారణ్యం. 1979లో ప్రకటించారు. పక్షి ఒక్కటీ కనబడలేదు. జింకలు మాత్రం రోడ్డు దాటాయి.

అక్క గేటు దగ్గరే దొరికింది. తలకు తువ్వాలు, చేతిలో కత్తెర. "ఏం రా, గిప్పుడా వచ్చేది? మీ బావ పొద్దుగాలనే పోయిండు. నువ్వు రా, పని ఉంది."

పని అంటే కాగితాలు విప్పడం. పందిరి కింద వంగి నడుస్తుంటే ప్రతి గుత్తికీ పాత దినపత్రిక చుట్టి పిన్ను కొట్టి ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలి బాగా పడి పగలు ఎండ కాస్తే ఆకుపచ్చ పండు గులాబి రంగుకు తిరుగుతుంది. అలా తిరిగిన గుత్తిని వ్యాపారి పక్కన పడేస్తాడు. అందుకని పండు మెత్తబడే వేళకు గుత్తి గుత్తికీ కాగితం చుడతారు, కోతకు ముందు విప్పుతారు. చిత్తుకాగితం కాబట్టి వార్తలన్నీ నవంబరువి, నోట్ల రద్దువి. నేను విప్పిన ప్రతి కాగితం మీదా బ్యాంకు ముందు క్యూలు, పాత ఐదొందలు, పాత వెయ్యి, లైన్లో నిలబడి కళ్లు తిరిగిన ముసలివాళ్లు. మరాఠీ పత్రికలే ఎక్కువ. పూర్వభాగ్ నుంచి తెచ్చిన కట్టలో కొన్ని తెలుగువీ ఉన్నాయి. నిలబడి చదువుతుంటే అక్క కసిరింది.

విప్పిన గుత్తి మీద సన్నని బూడిద పొర ఉంటుంది. దాన్ని వేలితో ముట్టకూడదు. ముట్టినచోట మచ్చ పడుతుంది, మచ్చ పడితే పాతసరుకంటారు. కాడ పట్టుకునే కోయాలి. అక్క నడుముకు కట్టుకున్న సంచిలోంచి జానెడు పొడుగు గొట్టం ఒకటి తీసింది. పండు తీపిని కొలిచే రిఫ్రాక్టోమీటర్. గుత్తి పైనుంచి ఒకటి, నడుమ ఒకటి, కింది కొసన ఒకటి పళ్లు తెంపి, చిదిమి, రసం చుక్క అద్దం మీద వేసి, మూత పెట్టి, ఆకాశం వైపు తిప్పి నా కంటికి ఆనించింది. లోపల నీలం, తెలుపు కలిసేచోట ఒక గీత, పక్కన అంకెలు. పదిహేడు దాటి ఆగింది. పద్దెనిమిది చూపితే కోతకు వచ్చినట్టు. "రెండు రోజులు, ఎక్కువైతే మూడు," అంది. ఎన్నిక నాలుగు రోజుల్లో ఉంది.

ఈ పంట లెక్క తెలియని వాళ్లకు అమ్మ ప్రశ్నలోని భయం అర్థం కాదు. తోటకు ఏడాదికి రెండు కత్తిరింపులు, పంట ఒక్కటే. ఏప్రిల్ కత్తిరింపు తీగ కోసం, అక్టోబరు కత్తిరింపు కాయ కోసం. అక్టోబరులో కోసిన తీగకు కళ్లన్నీ, అంటే చిగురు మొగ్గలన్నీ, ఒకేసారి విచ్చుకోవడానికి మందు పూస్తారు. లేకపోతే ఒక కన్ను ఇవాళ, ఒక కన్ను వారానికి. పూత వేళకు, పిందె వేళకు గుత్తుల్ని జిబ్బరెల్లిక్ ఆమ్లంలో ముంచుతారు. గింజలేని పండు అంత లావు అయ్యేది దానివల్లే. మధ్యలో మంచు పడితే డౌనీ తెగులు, మబ్బు పడితే బూడిద తెగులు, తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం డ్రమ్ములకు డ్రమ్ములు. ఇంత చేశాక నాలుగు నెలలకు కోతకు వచ్చిన పండు మహా అయితే పది రోజులు ఆగుతుంది. చెరకు ఆగుతుంది, పత్తి ఆగుతుంది, జొన్న గాదెలో సంవత్సరం ఆగుతుంది. ద్రాక్ష ఆగదు. ఆ సంగతి రైతుకెంత తెలుసో వ్యాపారికీ అంతే తెలుసు.

అసలు బావ నిలబడిందే అందుకు. కిందటేడు ఒక వ్యాపారి వచ్చాడు. అంతకు ముందు రెండేళ్లు పైసా బాకీ లేకుండా ఇచ్చినవాడే. మూడో ఏడు చుట్టుపక్కల తోటలన్నీ లారీలకు ఎత్తుకుని, చెక్కులు రాసిచ్చి, ఫోన్ ఆపేశాడు. స్టేషన్‌కు వెళితే ఇది సివిల్ తగాదా, కోర్టుకు పొమ్మన్నారు. బావ అందరి బిల్లులూ తూకం చీటీలూ ఒక ఫైల్లో పెట్టి చెక్ బౌన్స్ కేసులు వేయించాడు. ఏడాది తిరిగితే సగం డబ్బు వచ్చింది. ఆ సగమే ఇక్కడ పెద్ద పేరు. పైగా 2016 జూలైలో ప్రభుత్వం పళ్లనూ కూరగాయలనూ మార్కెట్ కమిటీ కట్టడి నుంచి తప్పించింది. ఇప్పుడు కొనేవాడికి లైసెన్సు కూడా అక్కర్లేదు. "అంతకు ముందు మాత్రం మన గేటు కాడికి వచ్చినోని లైసెన్సు ఎవడు అడిగిండు?" అంది అక్క.

నిజానికి నిలబడాల్సింది ఇంకో రైతు. మాటకారి, మరాఠీ ఇంట్లో పుట్టినవాడు, పెద్ద బంధుబలగం. కానీ ఆయనకు మూడో బిడ్డ 2003లో పుట్టింది. 2001 సెప్టెంబరు 12 తర్వాత ఇద్దరికి మించి పిల్లల్ని కన్నవాళ్లు మహారాష్ట్రలో జిల్లా పరిషత్‌కు పోటీ చేయకూడదు. బావకు ఇద్దరు ఆడపిల్లలు. అలా చీటీ బావ మీద పడింది.

రాత్రి పదిన్నరకు వచ్చాడు. గొంతు పోయింది. భోజనం దగ్గర నేను మనసులో మాట అనేశాను. జిల్లా పరిషత్ చేతిలో ఉన్నవి బడులు, ఆరోగ్య కేంద్రాలు, ఊరి రోడ్లు. ద్రాక్ష ధరకూ పరారైన వ్యాపారికీ దానితో ఏం సంబంధం?

"తెలుసు బామ్మర్దీ," అన్నాడు, రొట్టె తుంచుతూ. "మెంబరైతే స్టేషన్ల నా ఫోన్ ఎత్తుతరు. గంతే."

ఎన్నికల ప్రణాళికలు చాలా చదివాను. ఇంత నిజాయితీ గలది చూడలేదు.

శనివారం

జీపులో ఆరుగురం, మైకు ఒకటి. బావకు వచ్చిన గుర్తు కప్పు సాసరు. గడప గడపకూ కరపత్రం ఇస్తుంటే ఒక ముసలమ్మ, "ద్రాక్షవాడివి చాయ్ ఇస్తానంటున్నావా," అని నవ్వింది. ఇక్కడ ఒక్కొక్కరికీ రెండు ఓట్లు. జిల్లా పరిషత్ నియోజకవర్గమైన గట్‌కు ఒకటి, పంచాయతీ సమితి నియోజకవర్గమైన గణ్‌కు ఒకటి. పార్టీ వాళ్లు రెండిటికీ ఒకే గుర్తు చెప్పి వెళ్లిపోతారు. బావ ప్రతిచోటా ఆగి, పెద్దది నాకు, చిన్నది మీ ఇష్టం అని విడమరచి చెప్పాలి. అది చెప్పేలోగా సగంమంది లోపలికి వెళ్లిపోతున్నారు.

బావ మరాఠీలో తప్పుండదు, కన్నడంలోనూ బేరమాడగలడు. అయినా ఒక చావడి దగ్గర కుర్రాడొకడు వెనక నుంచి "తెలంగీ" అన్నాడు. బావ వినిపించుకోలేదు. జీపెక్కాక డ్రైవరు బూతులు తిడుతుంటే, "వాళ్ల తాతకు మా తాత దుప్పటి నేసిండు పో," అని ఊరుకున్నాడు. కుంభారి వైపు నిలబడి ఉంటే లెక్క వేరు కదా అన్నాను. అక్కడ బీడీ కార్మికుల కోసం కట్టిన గోదుతాయి పరులేకర్ కాలనీ ఉంది. పది వేల ఇళ్లు, 2006లో తాళాలు ఇచ్చారు. చాలావరకు మనవాళ్లే. "అక్కడ ఆడం మాస్టర్ ఉండంగ నన్నెవరడుగుతరు? నా తోట ఇక్కడుంది, నా చెక్కులు ఇక్కడ మునిగినయి," అన్నాడు.

ఒక ఊళ్లో అవతలి పక్షం పుకారు ముందే చేరి ఉంది. బావ గెలిస్తే వైన్ ఫ్యాక్టరీ పెడతాడట. ద్రాక్ష అనగానే సారాయి గుర్తొచ్చేవాళ్లు అన్నిచోట్లా ఉంటారు. వైన్ తోటలు నాసిక్ వైపు ఎక్కువ, దానికి పండే రకాలు కూడా వేరు. ఇక్కడివి తినే పండు, కాకపోతే ఎండుద్రాక్ష. నాన్నజ్ ఊరికి ద్రాక్షలో పెద్ద పేరే ఉంది. నానాసాహెబ్ కాళే అనే రైతు తన తోటలోనే సోనాకా రకాన్ని పట్టుకున్నాడు. నల్ల రకం ఒకటి తయారుచేసి శరద్ పవార్ పేరు మీద శరద్ సీడ్‌లెస్ అని పెట్టాడు. బావ తోటలో ఒక మడి అదే. పవార్ పార్టీ మనిషి ఇప్పుడు బావకు పోటీ. "మన తోటల్నే వాళ్ల ఏజెంటు కూసున్నడు," అని అక్క రోజూ ఒకసారైనా అంటుంది.

మధ్యాహ్నం ఒక వస్తీలో ఆగాం. పొలంలోనే ఇల్లు, వాకిట్లో వేపచెట్టు. రైతుకు అరవై ఏళ్లుంటాయి. కిందటేటి చెక్కుల గొడవలో బావ తిప్పిన ఫైల్లో ఈయన చీటీలూ ఉన్నాయి, డబ్బూ వచ్చింది. బావను చేయి పట్టి మంచం మీద కూర్చోబెట్టాడు. చాయ్, రొట్టె, వేరుశనగ చట్నీ అన్నీ పెట్టాడు. ఓటు మాట మాత్రం ఎత్తలేదు. చివరికి బావే ఎత్తితే, ఇంటి వెనక్కి చెయ్యి చూపించాడు. రెండెకరాల చెరకు మోళ్లు.

ఆయన చెప్పింది ఇదీ. కరువు వల్ల ఈ ఏడు జిల్లాలో చెరకే లేదు. ఫ్యాక్టరీ వాళ్లే వచ్చి, బతిమాలి, ముందే కొట్టుకుపోయారు. కానీ ఈ వాన మంచిగా పడింది, వచ్చే ఏడు అందరి పొలంలోనూ చెరకుంటుంది. అప్పుడు కోత వంతు కోసం బతిమాలాల్సింది తను. వంతు నెల ఆలస్యమైతే గడ ఎండి తూకం పోతుంది. కొడుకు అక్కడే తాత్కాలికంగా పనిచేస్తున్నాడు. ఫ్యాక్టరీలో వాటా ఉంది, సొసైటీలో అప్పుంది. "నీకు ఓటెయ్యలేదని నువ్వు నా చెక్కు ఆపుతావా? ఆపవు. అదే నీకు ఇబ్బంది," అన్నాడు మరాఠీలో, నవ్వకుండా.

ఎవరి వంతునైనా నిజంగా ఎవరైనా ఆపుతారా, నాకు తెలియదు. ఆపుతారేమో అన్న అనుమానం ఒక్కటి చాలు. సోలాపూర్ జిల్లాలో రాజకీయం చక్కెర చుట్టూ తిరుగుతుందని వినడమే గానీ, ఎలా తిరుగుతుందో ఈ వాకిట్లో కూర్చున్నాక తెలిసింది. అక్లూజ్ మోహితే పాటిళ్ల వంటి ఇల్లు సహకార చక్కెర మీద లేచింది. ఆ ఇంటి విజయసింహ 2003లో ఉపముఖ్యమంత్రి దాకా వెళ్లాడు. చెరకు రైతులందరూ ఒకే గేటు ముందు బండి ఆపాలి. వెయ్యిమందైనా ఒకే కాటా, ఒకే చైర్మన్, ఒకే జాబితా. ద్రాక్ష రైతులది అలా కాదు. ఎవడి తోటకు వాడి వ్యాపారి, ఎవడి ధర వాడిది, పక్క తోటవాడికి ఎంత పలికిందో కూడా బయటికి చెప్పరు. మోసపోయినప్పుడు మాత్రమే కలుస్తారు. మోసం సగం తీరగానే విడిపోతారు. ద్రాక్షకు ఓటుంటుందా అని చిన్నాన్న అడిగినదానికి జవాబు ఇక్కడే దొరికిందనుకున్నాను. బావకు చెప్పలేదు. జీపులో ఆయనా ఏమీ మాట్లాడలేదు.

ఆదివారం

శివాజీ జయంతి. ఊరూరా కాషాయ జెండాలు, బైకులు, డోలు. అభ్యర్థులందరూ ఒకే విగ్రహానికి దండలు వేసి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి ఫొటోలు దిగారు. ప్రచారానికి ఆఖరి రోజు.

రాత్రి ఒక పెద్ద రైతు పొలంలో హుర్డా. పచ్చి జొన్న కంకుల్ని పిడకల నిప్పులో కాల్చి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది పెడతారు. మన ఊచబియ్యమే. వేడి వేడిగా, పాలు కారుతున్నట్టుండే గింజలు, పక్కన బెల్లం, పొడి చట్నీ. ఏర్పాటు చేసింది అవతలి అభ్యర్థి మనుషులు. తింటూ చుట్టూ చూస్తే పొద్దున మా జీపులో తిరిగిన ఆరుగురిలో నలుగురు అక్కడే ఉన్నారు. నేను ఐదోవాణ్ణి.

సోమవారం

తెల్లారి లేచేసరికి పడమట మబ్బు. ఇంట్లో ఒక్కరూ మాట్లాడలేదు. పండు నిండుగా ఉన్నప్పుడు వాన పడితే తోలు పగులుతుంది. పగిలిన పండు ఒక్కటున్నా గుత్తి మొత్తం పులుస్తుంది. ఎన్నికల టెన్షన్ అని అందరూ బావను పలకరిస్తున్నారు గానీ ఆయన చూపు ఆకాశం మీదే.

తొమ్మిదింటికి వ్యాపారి దిగాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. తోటలో ఒక చుట్టు తిరిగి, గుత్తి తెంపి, రెండు పళ్లు నోట్లో వేసుకుని, మబ్బు వైపు చూసి, నిన్నటి మాట మీద కిలోకు రెండు రూపాయలు తగ్గించాడు. రేపు పోలింగు కాబట్టి కోత ఇవాళే కావాలన్నాడు. డబ్బు చెక్కు, పది రోజుల తర్వాతి తేదీ. బావ బూత్ ఏజెంట్ల జాబితా కోసం నాన్నజ్ వెళ్లి ఉన్నాడు. అభ్యర్థి ఇంట్లో ఉండడని చూసుకునే వచ్చాడనిపించింది.

అక్క అతన్ని కూర్చోమనలేదు.

"నిన్నటి ధర. సగం పైసలు ముందుగాల ఖాతాల పడాలె. పడ్డట్టు నా ఫోన్‌కు మెసేజ్ రావాలె. గప్పుడు కత్తెర పెడత."

"వదినా, బ్యాంకుల సంగతి మీకు తెలియందా? వారానికి ఇరవై నాలుగు వేలు..."

"ఇయ్యాల్టి నుంచి యాభై వేలు చేసిండ్రు, పేపర్ల చూసిన. అది చేతికి తీసుకునేదానికి. ఖాతాల నుంచి ఖాతాలకు పంపడానికి ఎవడాపిండు?"

అతను నవ్వాడు, ఫోన్ చూసుకున్నాడు, పక్క తోటవాళ్లు చెక్కుకే ఇస్తున్నారన్నాడు. అక్క, అయితే అక్కడికే పొమ్మంది. వెళ్లిపోయాడు. కారు గేటు దాటాక నావైపు తిరిగి, "మబ్బు కురుస్తదంటవా?" అని అడిగింది. అప్పటిదాకా గొంతులో ఎక్కడా వినబడని వణుకు అప్పుడు వినబడింది.

కురవలేదు. మధ్యాహ్నానికి విచ్చిపోయింది. సాయంత్రం అతనే ఫోన్ చేసి ఒక రూపాయి ఎక్కాడు. అక్క ఆ లోపే పై మడిని ఎండుద్రాక్షకు మళ్లించాలని నిర్ణయించేసింది. ఇంకొన్నాళ్లు తీగ మీదే ఉంచి తీపి ఇరవై రెండు దాటనిచ్చి, పొటాషియం కార్బొనేట్, డిప్పింగ్ ఆయిల్ కలిపిన నీళ్లలో ముంచి, షెడ్డులో వల అరల మీద ఆరబోస్తే రెండు వారాల్లో కిస్మిస్. నాలుగు కిలోల పండుకు ఒక కిలో వస్తుంది. ఖర్చు ఉంది, కానీ సరుకు కోల్డ్ స్టోరేజీలో నెలలు ఆగుతుంది. అమ్మేవాడు ఆగగలిగితే కొనేవాడు దిగొస్తాడు. అక్క పోటీ చేసి ఉండాల్సిందని నాకు ఆ పూట గట్టిగా అనిపించింది.

మంగళవారం

ఏడున్నరకు పోలింగు మొదలు. అక్క మొదటి పదిమందిలో ఓటేసి వచ్చి, వచ్చిన కొద్దిమంది కూలీలతో కింది మడి కోత పెట్టింది. కోత పొద్దున చల్లబాటులోనే చేయాలి, ఎండెక్కితే గుత్తి వడలుతుంది. రోజూ వచ్చే ఆడవాళ్లలో సగంమంది రాలేదు. వాళ్లను బూతుకు తీసుకెళ్లడానికి వేరే పక్షాల జీపులు వాళ్ల ఇళ్లముందే ఆగి ఉన్నాయి. సోలాపూర్ నగరపాలికకూ ఇవాళే పోలింగు కావడంతో పూర్వభాగ్ చుట్టాలెవరూ సాయానికి రాలేకపోయారు. నేనూ కత్తెర పట్టాను. నా చేతిలో రెండు గుత్తుల మీది బూడిద చెదిరింది. అక్క వాటిని మాట్లాడకుండా ఇంటి బుట్టలో వేసింది.

పేటీకి నాలుగు కిలోలు. పేర్చి, కాగితం పరిచి, మూత వేసి, పదకొండింటికి ఆపేశాం. టెంపో సగమే నిండింది.

సాయంత్రం బావ వచ్చి చెప్పులు విప్పకుండానే షెడ్డులోకి వెళ్లి పేటీలు లెక్కపెట్టాడు. ఓట్ల సంగతి నేను అడిగితే, "మస్తు పడ్డయ్. ఎవరికో తెల్వదు," అన్నాడు.

గురువారం, ఫిబ్రవరి 23

నిన్న రాయడానికేమీ లేదు, పగలంతా కోత.

లెక్కింపు సోలాపూర్‌లో. నగరపాలికలో మొదటిసారి బీజేపీ పెద్ద పార్టీ అయిందని, 102లో 49 వచ్చాయని బయట టపాకాయలు. మా గట్ ఫలితం పన్నెండు దాటాక తేలింది. బావ మూడోస్థానం. మరీ తక్కువగా ఏమీ రాలేదు, గెలిచేటట్టూ రాలేదు. బూతుల వారీ అంకెలు కాగితం మీద రాసుకున్నాడు. ద్రాక్ష దట్టంగా ఉన్న రెండు ఊళ్లలో వెనకబడ్డాడు. ఒక్క ఎకరం తోట లేని చిన్న ఊళ్లో మొదటి స్థానం. అక్కడి బడికి పైకప్పు లేదని శనివారం ఒక టీచరు చెబితే, బావ ఫొటో తీసుకుని, గెలిచినా ఓడినా కాగితం పెడతానన్నాడు. ఆ ఊళ్లో ఆయన మాట్లాడింది మూడు నిమిషాలు.

ఆ వస్తీ పెద్దాయన బూతు అంకె చూసి బావ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిరుగు దారిలో సిద్ధేశ్వర్ చక్కెర ఫ్యాక్టరీ పొడుగు చిమ్నీ నగరం మీదుగా కనిపించింది. (విమానాశ్రయానికి అడ్డమని దాన్ని 2023లో కూల్చేశారు.) డ్రైవరు దానివైపు చూసి ఏదో అనబోయాడు. బావ పాటలు పెట్టమన్నాడు.

శుక్రవారం

శివరాత్రి. నేను బయల్దేరాల్సిన రోజు. బావ నన్ను సోలాపూర్ బస్టాండులో దింపి, అటునుంచి అటే అక్కతో సిద్ధేశ్వరుడి గుడికి వెళ్లాలని అనుకున్నారు. ఇద్దరూ ఉపవాసం.

ఎనిమిదింటికి గేటు దగ్గర రెండు బైకులు ఆగాయి. నలుగురు రైతులు. వాళ్లలో ముగ్గురిని శనివారం ప్రచారంలో చూశాను, ఒకాయన హుర్డాలో నా పక్కనే కూర్చున్నాడు. జనవరిలో ముందుగా కోసిన తోటల సరుకు. చెక్కు తిరిగొచ్చింది. బ్యాంకు చీటీ చూపించారు.

బావ ముందు చీటీ మీది తేదీ చూశాడు. "మంచిగ తొందరగ వచ్చిండ్రు. చీటీ వచ్చిన ముప్ఫై రోజుల్ల నోటీసు పోవాలె. నోటీసు అందినంక వానికి పదిహేను రోజులు. అప్పటికీ కట్టకపోతే నెల లోపల కోర్టు. 138 సెక్షన్. తూకం చీటీలు తెచ్చిండ్రా?"

రెండు లేవు. ఒకాయన వాటి కోసం ఇంటికి వెళ్లాడు.

అక్క వాకిట్లో నిలబడి తెలుగులో, వాళ్లకు అర్థం కాకుండా, "ఓటేసినరా అని అడుగు ముందు," అంది.

"అడిగితే ఏసినమనే అంటరు," అని బావ లోపలికి వెళ్లి కిందటేటి ఫైలు తెచ్చుకున్నాడు. ఇవాళ కోర్టుకు సెలవు కాబట్టి లాయరు ఇంట్లోనే దొరుకుతాడట. ఒక బైకు వెనక ఎక్కుతూ, నా బస్సు సంగతి గుర్తొచ్చి, పేటీల టెంపో సోలాపూర్ మీదుగానే పోతుంది, అందులో పొమ్మన్నాడు. క్యాబిన్‌లో డ్రైవరు, అతని తమ్ముడు, నేను, నా ఒళ్లో అక్క కట్టిచ్చిన మచ్చలు పడ్డ ద్రాక్ష. నాన్నజ్ దాటేదాకా డ్రైవరు కిలో ఎంతకు పోయిందని అడుగుతూనే ఉన్నాడు. చెప్పొద్దని అక్క ముందే చెప్పింది.